మీ వృత్తిని ఎంచుకోండి

లోపల ఏముందో డబ్బా మీద రాస్తే వీళ్ళ సొమ్మేం పోతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఉప్పు ప్యాకెట్ మీద రాస్తారు, తలనొప్పి మాత్ర మీద రాస్తారు. మనిషి చెయ్యి కాల్చే డబ్బా మీద మాత్రం ఒక ఆకుపచ్చ ఆకు బొమ్మ, దాని కింద ‘యాసిడ్ లేనిది’ అన్న గొప్ప, ఏదో నంబరు, పక్కన నల్ల గళ్ళ చదరం. పూర్తి వివరాలకు దీన్ని ఫోనుతో స్కాన్ చేసుకోండి అని ఒక ముక్క. అంతే.

మాది అద్దాల మీద బొమ్మలు చెక్కే పని. మాది అంటే నాదీ, మా తోడికోడలిదీ. అన్నదమ్ములిద్దరూ పొద్దున్నే పెద్ద పెద్ద భవనాలకు అద్దాలు బిగించడానికి వెళ్ళిపోతారు. ఇంటి కింది గదిలో మేమిద్దరం పనిలో పడతాం. అద్దానికి పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి, దాని మీద బొమ్మ గీసి, గీసిన మేర కత్తితో కోసి పొర లేపేస్తాం. బయటపడ్డ చోట మందు పూస్తాం. మందు అద్దాన్ని పైపైన తినేస్తుంది. కాసేపాగి కడిగితే అక్కడ మంచు పట్టినట్టు తెల్లగా బొమ్మ తేలుతుంది. గీసేదీ కోసేదీ తను. పని ఇచ్చేవాళ్ళతో మాట్లాడేదీ పోట్లాడేదీ నేను. నాకు నిటారుగా ఒక గీత గీయడం రాదు, తనకు గొంతు పెంచడం రాదు. మా అత్తగారు తనను ‘చిన్నది’ అని పిలిచేవారు. ఆవిడ పోయాక నేనూ తనను అలాగే పిలుస్తున్నాను.

ఇదివరకు వాడిన మందు మూత తీస్తే చాలు, ముక్కులు మండేవి. మోచేతుల దాకా గ్లౌజులు వేసుకుని, కిటికీలన్నీ బార్లా తీసి, దూరంగా నిలబడి పూసేవాళ్ళం. దాని మీద మాకు భయమూ ఉండేది, ఆ భయం వల్ల ఒళ్ళు దగ్గరపెట్టుకోవడమూ ఉండేది. ఈ మధ్య కొత్త కంపెనీవాడు వచ్చాడు. వాసన లేదు, పొగ లేదు, యాసిడ్ అసలే లేదు, ఇంట్లో చంటిపిల్లలున్నా పరవాలేదు అని ఊదరగొట్టి ఒక పెద్ద డబ్బా అంటగట్టి పోయాడు. తెల్లగా, చిక్కగా, పళ్ళు తోముకునే పేస్టులా ఉంది.

ఆ రోజు ఒక పళ్ళ డాక్టరు గది తలుపుకు తీగలూ పూలూ చెక్కుతున్నాం. సన్నటి తీగలు. మందు అంచుల దగ్గర ఎక్కువైతే ఒలికి బొమ్మ చెడుతుంది, తక్కువైతే మచ్చలు పడతాయి. చిన్నది గ్లౌజు తీసేసి వేలి కొసలతో అంచులు సర్దడం మొదలుపెట్టింది.

“గ్లౌజు ఏదే?” అన్నాను.

“గ్లౌజుంటే అంచు తెలియదక్కా. ఇందులో యాసిడ్ లేదుగా.”

లేదని రాసుంది కదా అని నేనూ ఊరుకున్నాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వేళ్ళు తిమ్మిరెక్కినట్టున్నాయంది. రోజంతా ఫోను పట్టుకుని కూర్చుంటే తిమ్మిరెక్కక ఏమవుతాయి అని ఆటపట్టించాను. తనూ నవ్వింది. కాసేపటికి చేతిలో కత్తి కింద పడేసింది. మళ్ళీ తీసుకోబోయి, తీసుకోలేక, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని స్టూలు మీద కూలబడింది. అప్పుడు చూశాను తన మొహం. పాలిపోయి, పెదవి మీద చెమట పోసి ఉంది.

తన సంగతి నాకు తెలుసు. ఓసారి అద్దం పగిలి మోచేతి కింద ఇంత మేర చీరుకుపోతే, గుడ్డ చుట్టుకుంటూ “డిజైను బాగా కుదిరిందక్కా” అని జోకేసిన మనిషి. అలాంటిది ఇప్పుడు నోట మాట లేకుండా ముందుకూ వెనక్కూ ఊగుతోంది. కుళాయి కింద చెయ్యి పెట్టించాను. నీళ్ళు పడుతున్నంతసేపూ పళ్ళు బిగపట్టింది. తీరా చూస్తే చూపుడువేలు, నడిమివేలు, ఉంగరంవేలు కొసలు కాస్త ఎర్రబడ్డాయి, అంతే. బొబ్బ లేదు, పుండు లేదు.

“లోపల ఎవరో రంపం పెట్టి కోస్తున్నట్టుందక్కా,” అంది.

మా ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మరిదీ ఎత్తలేదు. గోడలకు డ్రిల్లు పెడుతుంటే వాళ్ళకు పిడుగు పడ్డా వినపడదు. డబ్బా మోసుకుపోయే వీలు లేక దాని మూత మీదున్న స్టిక్కరు పీకి సంచిలో వేసుకుని, తన భుజం చుట్టూ చెయ్యి వేసి పక్క వీధిలోని క్లినిక్కుకు నడిపించాను.

క్లినిక్కులో బల్ల వెనక కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి పేరడిగింది, వయసడిగింది, ఫోను నంబరడిగింది. ఈమెయిలు ఉందా అంది.

“చెయ్యి కాలిపోతుంటే ఈమెయిలేంటమ్మా?”

“అది పెట్టకపోతే పక్క పేజీకి పోదండీ.”

నాది చెప్పాను. ఆ అమ్మాయి టకటకా కొట్టుకుని, ఏం చేస్తుంటారు అని అడుగుతూనే మా ఇద్దరినీ ఒకసారి ఎగాదిగా చూసి, “గృహిణి అని పెట్టేస్తానండీ,” అంది.

“ఏదో ఒకటి పెట్టు తల్లీ. ముందు డాక్టరుకు చూపించు.”

డాక్టరు నాకంటే చిన్నవాడు. మర్యాదగా లేచి నిలబడి చిన్నదాన్ని కూర్చోబెట్టాడు. వేళ్ళు అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏం పడిందమ్మా?”

“మందండీ,” అంది చిన్నది. మా ఇంట్లో దానికి ఇంకో పేరు లేదు.

నేను స్టిక్కరు ముందు పెట్టాను. “యాసిడ్ కాదండీ. ఇదిగో, రాసుంది చూడండి.”

ఆయన స్టిక్కరు చూశాడు, తన ముందున్న తెర చూశాడు. “ఈ మధ్య నేలలు తుడవడానికీ బాత్రూములు కడగడానికీ ఎన్ని రకాలు తెస్తున్నారో,” అన్నాడు. ఆ మాట నేను విన్నాను. ఏదో మాటవరసకు అన్నాడనుకున్నాను. నా కళ్ళన్నీ చిన్నదాని వేళ్ళ మీదే ఉన్నాయి.

“మామూలు యాసిడ్ అయితే ఈపాటికి బొబ్బలెక్కాలి,” అన్నాడు. “పైకి చూస్తే ఏమీ లేదు. ఇంత నొప్పి ఎందుకుందో నాకు అంతుపట్టడం లేదు. అది నాకేం నచ్చడం లేదు. అందులో ఏముందో తెలియాలి.”

“తెలియకపోతే?”

ఆయన చిన్నదాని వైపు చూసి, కొంచెం గొంతు తగ్గించాడు. “కొన్ని పైనే ఆగిపోతాయమ్మా. కొన్ని చర్మం దాటి కిందికి దిగుతాయి, ఎముక దాకా. ఒక్కోదానికి ఒక్కో విరుగుడు. ఒకదానికి వేసేది ఇంకోదానికి పనిచేయదు. ఈలోపు వేళ్ళు చెడిపోతాయి. ప్రతి మందుకూ అందులో ఏమేం కలిపారో, ఒంటి మీద పడితే ఏం చేయాలో కంపెనీ ఒక పత్రం పెట్టాలి. వాళ్ళ సైట్లో ఉంటుంది. అది తీయండి. నాకు పేరొక్కటి చెప్తే చాలు. నేనూ తెలిసినవాళ్ళను అడుగుతాను.”

నొప్పికి సూది వేయించి, పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టి, చెయ్యి నీళ్ళ తొట్టిలో ఉంచమన్నాడు. బయట జనం బెంచీల నిండా ఉన్నారు. తర్వాతివాళ్ళను పిలిచాడు.

పేరొక్కటి. ఫోనులో నాలుగు నొక్కులు నొక్కితే వచ్చేస్తుంది కదా అనుకున్నాను.

స్కాన్ చేశాను. పచ్చగడ్డిలో పరిగెడుతున్న ఒక కుటుంబం బొమ్మ వచ్చింది. ఆ కుటుంబానికి అడ్డంగా, కుకీలకు ఒప్పుకుంటారా అని ఒక గడి. ఒప్పుకున్నాను. ఆ క్షణంలో ఇల్లు రాసిమ్మన్నా ఒప్పుకునేదాన్ని. స్టిక్కరు మీదున్న నంబరు కొట్టాను. ‘భద్రతా వివరాల పత్రం’ అని నీలం రంగు బటన్ కనిపించింది. ప్రాణం లేచొచ్చి దాన్ని నొక్కాను.

‘ఈ పత్రం సభ్యులకు మాత్రమే. దయచేసి లాగిన్ అవ్వండి.’

ఏ సభ్యులకు? వేళ్ళు కాలినవాళ్ళ సంఘం ఏదైనా ఉందా? కొత్తవారైతే ఇక్కడ నమోదు చేసుకోండి అంది. చేసుకున్నాను. పేరు. ఇంటిపేరు. పుట్టిన తేదీ. ఊరు, వీధి, తలుపు నంబరు. మా అత్తగారు కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు అడగలేదు. ఏదైనా ఖాళీగా వదిలితే గడి చుట్టూ ఎర్రగీత గీసి మళ్ళీ పైకి లాక్కుపోతుంది.

“వచ్చిందా అక్కా?” అంది చిన్నది. కళ్ళు మూసుకునే ఉంది.

“వస్తోంది, వస్తోంది.”

పాస్‌వర్డు అడిగింది. ఇచ్చాను. చాలదంది. పెద్దక్షరం ఉండాలి. ఇచ్చాను. అంకె ఉండాలి, గుర్తు ఉండాలి, మీ పేరు ఉండకూడదు. నాకు ఒళ్ళు మండిపోయి, నోటికొచ్చిన తిట్టు ఒకటి ఇంగ్లీషక్షరాల్లో కొట్టి, పక్కన ఒక అంకె వేసి, చివర ఆశ్చర్యార్థకం పెట్టాను. ‘మీ పాస్‌వర్డు చాలా బలంగా ఉంది’ అని పచ్చగీత వచ్చింది. అదే మళ్ళీ కొట్టమంది. ఒకసారి తిట్టిన తిట్టు అక్షరం పొల్లుపోకుండా మళ్ళీ తిట్టడం ఎవరి తరం? రెండూ కలవలేదంది.

“ఏం కొట్టావక్కా?” అంది. చెప్పాను. కిసుక్కున నవ్వింది. ఆ నవ్వు సగంలో మూలుగుగా మారింది. సూది ప్రభావం కాస్త కూడా కనిపించలేదు. నీళ్ళలో ఉన్న వేళ్ళ వైపు వంగి చూశాను. ఎర్రగా ఉన్న కొసల మధ్యలో ఇప్పుడు తెల్లటి మచ్చలు వచ్చాయి, మేం అద్దాల మీద తెప్పించే తెలుపు. పరిగెత్తి డాక్టరును పిలుచుకొచ్చాను. ఆయన చూసి పెదవి కొరుక్కున్నాడు.

“పత్రం దొరికిందా?”

“తెరుచుకోవడం లేదండీ. లాగిన్ అంటోంది.”

ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకుని తనూ రెండు సార్లు నొక్కి చూసి, తిరిగిచ్చేశాడు. “మీరు దాని పని చూడండి, వదలొద్దు. నేను పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తున్నాను. వాళ్ళూ అదే అడుగుతారు, ఏం పడిందని.”

ఈమెయిలుకు ఒక కోడ్ పంపామంది. నా ఫోనులో ఈమెయిలు తెరిచి ఎన్నాళ్ళయిందో. అది మళ్ళీ దాని పాస్‌వర్డు అడిగింది. మరిచిపోయాను అని నొక్కితే ఇంకో కోడ్. ఆ కోడ్ పెట్టి, లోపలికి పోయి, అసలు కోడ్ పట్టుకొచ్చి ఇక్కడ పెట్టేసరికి ‘గడువు ముగిసింది’ అంది. ఇంకోటి పంపమన్నాను. వచ్చింది. ఒక్కో అంకె చూసి చూసి కొట్టాను. ఒప్పుకుంది.

‘మీరు రోబో కాదని నిరూపించండి. కిటికీలున్న బొమ్మలన్నీ ఎంచుకోండి.’

అద్దాల మధ్య బతికే మనిషిని. ఎక్కడ గాజుందో నాకు ఒకరు చెప్పాలా? ఇల్లు నొక్కాను, దుకాణం నొక్కాను, బస్సు ముందుభాగం నొక్కాను, మూలన వీధిదీపం గాజుబుడ్డి కూడా నొక్కాను. తప్పంది. మళ్ళీ కొత్త బొమ్మలు. మళ్ళీ తప్పు.

“ఏదీ, చూపించు,” అంది చిన్నది. ఫోను తన మొహం ముందు పెట్టాను. చెమట కళ్ళలోకి కారుతుంటే రెప్పలు ఆర్పుకుంటూ చూసింది. “బస్సు ముందుది తీసెయ్ అక్కా. వాళ్ళ లెక్కలో అది కిటికీ కాదు. మేడ మీది చిన్నది వదిలేశావు చూడు, ఆ మూల.”

తన మాట ప్రకారం నొక్కాను. పోనిచ్చింది. అంత నొప్పిలోనూ మూలనున్న కిటికీ కనిపెట్టిన ఆ కళ్ళను చూసి నాకు గర్వమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెంటికీ అది సమయం కాదు.

‘ఆఖరి మెట్టు. మీ వృత్తిని ఎంచుకోండి.’

కింద వరస. ఇంజనీరు. ఆర్కిటెక్టు. కాంట్రాక్టరు. డీలరు. విద్యార్థి. ఇతరులు. వాళ్ళ మందు కొని, వాళ్ళ మందు పూసి, వాళ్ళ మందుతో బతికేవాళ్ళకు ఆ వరసలో చోటు లేదు. ‘ఇతరులు’ నొక్కాను.

‘ధన్యవాదాలు! ఇతరుల ఖాతాలను మా ప్రతినిధి పరిశీలించి ఆమోదిస్తారు. దయచేసి వేచి ఉండండి.’

వెనక్కి వెళ్ళి ఇంజనీరు అని పెట్టబోయాను. ఈ ఈమెయిలుతో ఇప్పటికే ఖాతా ఉందంది. ఫోను నేలకేసి కొట్టాలనిపించింది. కొడితే ఇంకో ఫోను లేదు.

“అక్కా,” అంది చిన్నది. “వేళ్ళు తీసేస్తారా?”

తన నుదుటి చెమట కొంగుతో తుడిచాను.

“నోర్ముయ్. పిచ్చివాగుడు.”

“తీసేస్తే ఎడమచేత్తో నేర్చుకుంటాలే. నువ్వు గీయమాకు. నీ గీతలు చూస్తే ఉన్న పని కూడా పోతుంది.”

తన దగ్గర ఏడవకూడదని నడవాలోకి వచ్చేశాను. సైటు అడుగున చీమతలంత అక్షరాల్లో సహాయ కేంద్రం నంబరు ఉంది. చేశాను. ఒక రికార్డు గొంతు ఒకటి నొక్కమంది, మూడు నొక్కమంది, సంగీతం వినమంది. మీ కాల్ మాకెంతో విలువైనది అంది. బెంచీల మీద జనం నన్నే చూస్తున్నారు. గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల్నుంచి చిన్నదాని మూలుగు వినిపిస్తోంది. గొంతు పెంచడం రాని మనిషి మూలుగు అక్కడిదాకా వినిపిస్తోంది.

చివరికి ఒక అమ్మాయి పలికింది. “నమస్కారం మేడమ్, మీకు నేను ఏవిధంగా సహాయపడగలను?” ఎవరో రాసిచ్చింది చదువుతున్న గొంతు.

గబగబా చెప్పాను. మీ మందు చేతి మీద పడింది, ఆసుపత్రిలో ఉన్నాం, అందులో ఏముందో ఒక్క ముక్క చెప్పు. నంబరు చదివాను.

“మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం మేడమ్. మీ ఈమెయిలు చెప్తారా?”

చెప్పాను.

“ఖాతా పెండింగ్‌లో ఉంది మేడమ్. వృత్తి దగ్గర ఇతరులు అని పెట్టారు. అందుకే ఆగింది. మీ వృత్తి వివరం చెప్తే నేను నమోదు చేసి పైకి పంపిస్తాను.”

“అమ్మా, నా వృత్తితో నీకేం పని? డబ్బాలో ఏముందో చెప్పు.”

“అది నమోదు చేయకపోతే ముందుకు పోదు మేడమ్. మీ వృత్తి?”

అంతే. అంతసేపూ పట్టుకున్నది తెగిపోయింది. క్లినిక్కు అదిరేటట్టు అరిచాను.

“వృత్తి కావాలా నీకు? రాసుకో! అద్దాలు చెక్కుతాం! నేనూ, మా చిన్నదీ! మీ డబ్బాలోది పూస్తే గాజు కరుగుతుంది, తెలుసా నీకు? గాజు! దేనికీ లొంగని గాజును తినేస్తుంది మీ మందు! అది మా పిల్ల వేళ్ళను ఏం చేస్తోందో చెప్పవే అంటే నా వృత్తి అడుగుతావా?”

డాక్టరు గది తలుపు తెరుచుకుంది. లోపల ఎవరినో పరీక్ష చేస్తూ అలాగే లేచొచ్చినట్టున్నాడు, స్టెతస్కోపు చెవుల్లోంచి లాగుతూ నిలబడ్డాడు.

“ఏమన్నారు మీరు?”

“మిమ్మల్ని కాదండీ.”

“కాదమ్మా, ఇప్పుడేమన్నారు? గాజును తింటుందా? ఆ మందు గాజును తింటుందా?”

“తినకపోతే బొమ్మెలా వస్తుందండీ?”

“బొమ్మేంటి?” అన్నాడు. “ఇంట్లో బాత్రూము కడుగుతుంటే పడింది కదా?”

“ఎవరు చెప్పారు మీకు?”

ఆయన బల్ల వెనకున్న అమ్మాయి వైపు చూశాడు. ఆ అమ్మాయి తన తెర వైపు చూసి, తల దించుకుంది. ఆయన నా వైపు తిరిగాడు. “గాజును తినేది ఒకటే జాతి,” అన్నాడు, సగం నాతో, సగం తనలో తను. “ఫ్లోరైడు. యాసిడ్ లేదని వాడు రాస్తే రాసుకోనీ, తడి తగిలితే అది యాసిడే అవుతుంది.” ఆ తర్వాత నర్సు కోసం వేసిన కేక నా అరుపు కంటే పెద్దది. “కాల్షియం! కింద మందుల షాపుకెళ్ళి కాల్షియం ఇంజెక్షన్లు ఎన్నుంటే అన్ని తీసుకురా! జెల్లీ ట్యూబు కూడా!”

ఫోను బెంచీ మీద గిరాటేసి ఆయన వెనక పరిగెత్తాను.

నర్సు తెచ్చిన సీసాలు ఒక్కొక్కటీ విరిచి జెల్లీలో కలిపాడు. ఆ ముద్దను రబ్బరు గ్లౌజు నిండా నింపి, చిన్నదాని చేతికి తొడిగి, పైనుంచి ఒక్కో వేలూ తనే మర్దనా చేయడం మొదలుపెట్టాడు. బయట జనం గొణుగుతున్నారు. ఆయన పట్టించుకోలేదు.

“ఇది లోపలికి దిగి కాల్షియంను వెతుక్కుంటుందమ్మా,” అన్నాడు చిన్నదానితో. “ఎముకలో ఉండేది అదే. మనమే దానికి బయటినుంచి ఇచ్చేస్తే, ఉన్నచోటే ఆగుతుంది. ఇక నొప్పి సూదులు ఇవ్వను. నొప్పి తగ్గిందంటే మందు పట్టిందని గుర్తు. ఎక్కడ తగ్గిందో, ఎక్కడ తగ్గలేదో నువ్వే చెప్పాలి. ఓర్చుకుని చెప్పు.”

తను తలూపింది. నేను తన కాళ్ళ దగ్గర నిలబడి, మంచం కడ్డీ పట్టుకుని, ఆ మొహాన్నే చూస్తున్నాను. బిగిసిన దవడ అలాగే ఉంది. నుదుటి మీద ముడత అలాగే ఉంది. డాక్టరు మర్దన చేస్తూనే ఉన్నాడు. నర్సు ఇంకో గ్లౌజు నింపుతోంది. ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. గోడగడియారం ఉంది, దాని వైపు చూసే ధైర్యం లేదు.

“ఉంగరంవేలు,” అంది చిన్నది. “ఉంగరంవేలు చల్లబడుతోంది.”

డాక్టరు అప్పుడు మొదటిసారి ఊపిరి పీల్చినట్టు అనిపించింది నాకు. ఇంకాసేపటికి నడిమివేలు కూడా అంది. చూపుడువేలు దగ్గర మాత్రం తల అడ్డంగా ఊపింది. ఆయన సన్నటి సూదితో ఆ వేలి కొసలోకే మందు ఎక్కించాడు. ఆ ఒక్కసారే తను గట్టిగా అరిచింది. నేనూ అరిచాను. ఆ తర్వాత మెల్లమెల్లగా దవడ వదులైంది, నుదురు విచ్చుకుంది, కళ్ళు మూతలు పడ్డాయి.

ఆయన నన్ను పక్కకు పిలిచాడు. “రెండు వేళ్ళకు భయం లేదు. చూపుడువేలు కొస సంగతి రేపు గానీ చెప్పలేను. ఇది గుండె మీద కూడా పడే రకం, అందుకని పెద్దాసుపత్రిలో ఉంచాలి. బండి పిలిపించాను. వాళ్ళకు అంతా చెప్పాను.” కాస్త ఆగి, “మీరు ముందే అద్దాల పని అని చెప్పుంటే...” అన్నాడు.

“మీరు అడిగారా?” అన్నాను. అన్నానే గానీ అందులో వేడి లేదు. ఆయనా తలూపాడు.

మళ్ళీ మరిదికి ఫోన్ చేద్దామని నడవాలోకి వచ్చాను. ఫోను బెంచీ మీద బోర్లా పడి ఉంది. ఎవరో కాస్త పక్కకు జరిపి కూర్చున్నారు. తీసి చూస్తే కాల్ ఇంకా నడుస్తోంది. చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల ఊపిరి వినిపించింది.

“హలో?” అన్నాను.

“మేడమ్? మేడమ్, ఆవిడకు ఎలా ఉంది?”

రాసిచ్చింది చదివే గొంతు కాదది. చిన్నపిల్ల గొంతు, భయపడిపోయిన గొంతు.

“నువ్వు ఇంకా ఉన్నావా?”

“నేను పెట్టేస్తే మీరు మళ్ళీ మొదటినుంచి నొక్కుకుంటూ రావాలి కదా అని... డాక్టరుగారు కేకలు వేయడం వినిపించింది. తర్వాత ఏమీ వినపడలేదు.”

“కాల్షియం పెట్టారు. నొప్పి తగ్గింది. రెండు వేళ్ళు బాగానే ఉన్నాయి. ఒకటి రేపు తెలుస్తుంది.”

“హమ్మయ్య,” అంది.

నాకు మళ్ళీ కోపం వచ్చింది. ఆ పిల్ల మంచితనమే నన్ను రెచ్చగొట్టింది. “ఇంతసేపు పట్టుకుని కూర్చున్నదానివి, ఆ కాగితం తెరిచి ఒక్క మాట చదివి చెప్పొచ్చు కదమ్మా? నీ ఎదురుగా కంప్యూటరే కదా ఉంది? ఆ కంపెనీ నీదే కదా?”

“నాకూ తెరుచుకోదు మేడమ్.”

“ఏంటి?”

“మాకు ఆ లాగిన్ ఇవ్వలేదు. మీరు అరిచినప్పుడు లేచి మా సార్ దగ్గరికి వెళ్ళాను. ఆయనకూ లేదట. మాకు కనిపించేది మీ పేరు, మీ ఈమెయిలు, మీ వృత్తి. అంతే మేడమ్. ఆ పత్రం నేనెప్పుడూ చూడలేదు.” మళ్ళీ తనే అంది. “ఏదో ఒకటి నొక్కితే తెరుచుకుంటుందేమోనని మిమ్మల్ని ఆ వృత్తి అడిగాను.”

నేను బెంచీ మీద కూలబడ్డాను. మధ్యాహ్నం నుంచి ఆపుకున్నదంతా అప్పుడు వచ్చింది. పక్కన కూర్చున్నవాళ్ళు చూస్తున్నా, ఫోను చెవికి ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆ అమ్మాయి మాత్రం ఫోను పెట్టేయలేదు.